అమెరికాలో డెంటల్ ఇన్సూరెన్స్: పన్ను నొప్పి రాకముందే వాడుకోవడం ఎలా?

అమెరికాలో ఉద్యోగంలో చేరగానే వచ్చే బెనిఫిట్స్ ఫారంలో మెడికల్ ప్లాను గురించి నలుగురినీ అడుగుతాం. డెంటల్ దగ్గరికి వచ్చేసరికి చౌకగా ఉన్నదానికి టిక్కు పెట్టి సబ్మిట్ నొక్కేస్తాం. ఆ తర్వాత ప్రతి జీతంలోంచీ ప్రీమియం పోతూనే ఉంటుంది, డెంటిస్టు గుమ్మం మాత్రం తొక్కం. దవడ పన్ను సలుపు తట్టుకోలేక వెళ్ళిన రోజున రూట్ కెనాల్, క్రౌన్ (పన్నుమీద వేసే తొడుగు) అని చెప్పి రెండు వేల డాలర్ల పైచిలుకు ఎస్టిమేట్ చేతిలో పెడతారు. ‘ఇన్సూరెన్స్ ఉంది కదా’ అంటే, ఉంది కానీ సగమే వస్తుందంటారు.

ఇందులో మోసమేమీ లేదు. మెడికల్ ప్లానులో ఏడాదికి మీ జేబులోంచి పోయేదానికి ఒక హద్దు ఉంటుంది, అది దాటితే మిగతాది ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తుంది. డెంటల్ ప్లానులో హద్దు ఉండేది కంపెనీ ఇచ్చేదానికి. చాలా ప్లాన్లలో అది ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్లు. అంటే కష్టం పెద్దదయ్యేకొద్దీ మెడికల్ ఆదుకుంటుంది, డెంటల్ చేతులెత్తేస్తుంది. ఈ ప్లాన్లు పుట్టిందే అలా. 1954లో పశ్చిమ తీరపు ఓడరేవు కార్మికుల సంఘం తమవాళ్ళ పిల్లల పళ్ళ కోసం అక్కడి దంతవైద్య సంఘాలతో మాట్లాడి ఒక ఏర్పాటు చేయించుకుంది. ఇప్పటి డెంటల్ ప్లాన్లకు మొదలు అదే. పిల్లల పళ్ళు పుచ్చకుండా చూసుకోవడానికి పుట్టినదాన్ని ముప్ఫై ఏళ్ళు నిర్లక్ష్యం చేసిన నోటిని బాగుచేయించడానికి వాడబోతే చాలదు. కాబట్టి ఈ డబ్బు గిట్టుబాటు కావాలంటే దారి ఒకటే: కంపెనీ పూర్తిగా ఇచ్చేవాటిని, అంటే చెకప్, క్లీనింగ్, ఎక్స్‌రేలను, ఏటా వదలకుండా వాడుకోవడం.

ముందు ప్లాను కాగితం తీయండి

ఆఫీసు పోర్టల్‌లో బెనిఫిట్ సమ్మరీ అని రెండు మూడు పేజీలు ఉంటాయి. పీపీఓ రకం ప్లాను అయితే ఎవరి దగ్గరికైనా వెళ్ళవచ్చు, నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ధర ఒప్పందంలో ఉన్నవాళ్ళ దగ్గర ఖర్చు తక్కువ. డీహెచ్‌ఎంఓ అయితే ప్రీమియం తక్కువే కానీ, కంపెనీ జాబితాలోని ఒక డెంటిస్టుకే కట్టుబడి ఉండాలి. మీ ఊళ్ళో ఆ జాబితాలో ఎవరున్నారో, కొత్తవాళ్ళకు అపాయింట్‌మెంట్ ఎన్నాళ్ళకు ఇస్తున్నారో ఫోన్ చేసి కనుక్కున్నాకే అది తీసుకోండి.

పీపీఓలో ఎక్కువగా కనబడేది 100-80-50 లెక్క. చెకప్, క్లీనింగ్, ఎక్స్‌రేలకు వంద శాతం, ఫిల్లింగులకు 80, క్రౌన్, బ్రిడ్జిలాంటి పెద్ద పనులకు 50. డిడక్టబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేముందు ఏడాదికోసారి మీరు కట్టుకోవాల్సింది, మామూలుగా మనిషికి 50 డాలర్లు ఉంటుంది, క్లీనింగ్‌కు చాలా ప్లాన్లు దాన్ని పట్టించుకోవు. ఇంతవరకు అందరూ చదువుతారు. దెబ్బ తగిలేది కింది చిన్నక్షరాల దగ్గర. వాటిలో ఇవి వెతకండి:

- క్లీనింగ్ ‘ఏడాదికి రెండుసార్లు’ అని ఉందా, ‘ఆరు నెలలకు ఒకసారి’ అని ఉందా? రెండో రకమైతే మార్చి 10న చేయించుకుని సెప్టెంబరు 5న మళ్ళీ వెళితే క్లెయిమ్ తిరగ్గొడతారు.
- రూట్ కెనాల్‌ను 80 శాతంలో పెట్టారా, 50 శాతంలోనా? ఒక్కో ప్లాను ఒక్కోలా రాస్తుంది.
- క్లీనింగ్ ఖర్చును ఏడాది హద్దులోంచి కోస్తారా, విడిగా ఇస్తారా?
- వెయిటింగ్ పీరియడ్ ఉందా? సొంతంగా కొనుక్కున్న ప్లాన్లలో పెద్ద పనులకు ఆరు నెలలో, ఏడాదో ఆగమంటారు.
- ప్లానులో చేరకముందే ఊడిపోయిన పన్ను స్థానంలో కొత్తది పెట్టిస్తే ఇస్తారా? ‘మిస్సింగ్ టూత్ క్లాజ్’ ఉంటే ఇవ్వరు. ఇండియాలో పన్ను పీకించుకుని వచ్చినవాళ్ళు చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు.
- దవడ పన్నుకు తెల్ల ఫిల్లింగు వేయించుకుంటే వెండి రంగు అమాల్గమ్ ధరకే లెక్క కడతారా? కడితే తేడా మీదే.

డెంటిస్టును ఎంచుకునేటప్పుడు

‘మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?’ అని అడిగితే రిసెప్షన్‌లో ఎవరైనా తీసుకుంటామనే అంటారు. ఎవరి దగ్గరనుంచైనా క్లెయిమ్ పంపవచ్చు కాబట్టి అది అబద్ధం కాదు, అలాగని మీకు ఉపయోగపడే జవాబూ కాదు. ‘నా ప్లానుకు మీరు ఇన్-నెట్‌వర్కా?’ అని ప్లాను పూర్తి పేరు చెప్పి అడగండి. ఒకే కంపెనీకి రెండు మూడు నెట్‌వర్క్‌లు ఉంటాయి, పేరు పొడుగులో ఒక్క పదం తేడా ఉంటుంది. నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టరు కంపెనీతో ఒప్పుకున్న ధర దాటి అడగకూడదు. బయటివాళ్ళకు ఆ కట్టుబాటు లేదు, ప్లాను ‘మామూలు ధర’ అనుకున్నదానికీ వాళ్ళ బిల్లుకూ మధ్య తేడా మీ నెత్తిన పడుతుంది. వంద శాతం అని రాసి ఉన్న క్లీనింగ్‌కు కూడా బిల్లు వచ్చేది ఇలాగే.

మొదటి విజిట్‌లో

ఇండియాలో చేయించుకున్న ఎక్స్‌రేలు ఉంటే తీసుకెళ్ళండి. పళ్ళ నంబర్ల దగ్గర తికమక పడకండి. మన డాక్టర్లు రాసే 36, అంటే కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను, అమెరికాలో 19. కుడివైపున ఉండే 46 ఇక్కడ 30. ఇక్కడివాళ్ళు పైన కుడి జ్ఞానదంతం దగ్గర ఒకటితో మొదలుపెట్టి కింద కుడి జ్ఞానదంతం దగ్గర 32తో ముగిస్తారు.

ఫారంలో మందుల గడి ఖాళీగా వదిలేయకండి. బీపీ మాత్రలూ అలర్జీ మాత్రలూ నోటిని ఎండగడతాయి, లాలాజలం తగ్గితే పళ్ళు త్వరగా పుచ్చుతాయి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నట్టయితే తప్పకుండా చెప్పాలి, కానీ పన్ను పీకించుకోవాలని మీ అంతట మీరు వాటిని ఆపేయకూడదు. ఎముకల బలానికి బిస్ఫాస్ఫోనేట్ మాత్రలో, ఇంజెక్షన్లో మొదలుపెట్టబోతుంటే, పీకాల్సిన పళ్ళేవైనా ఉంటే ముందే తేల్చుకోవాలి. ఆ తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకపోవడం అరుదే అయినా జరుగుతుంది. గుట్కా, ఖైనీ, చుట్ట, సిగరెట్ అలవాటు ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. అప్పుడు నాలుక కిందా, బుగ్గ లోపలా ఇంకాస్త శ్రద్ధగా చూస్తారు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళమీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. ఆ సంగతి ముందే చెబితే మంచిది. అది పుచ్చు కాదు, క్లీనింగ్‌తో పోయే గారా కాదు.

ఆ తర్వాత హైజీనిస్టు (పళ్ళు క్లీన్ చేసేవారు) సన్నని గీతలున్న కడ్డీని పన్నుకూ చిగురుకూ మధ్య దించి, ‘త్రీ, టూ, త్రీ… ఫోర్, త్రీ, ఫైవ్’ అంటూ నంబర్లు చదువుతుంటే పక్కనున్నవాళ్ళు రాసుకుంటారు. ఒక్కో పన్నుకు ఆరు చోట్ల కొలుస్తారు. ఆ కుర్చీలో పడుకున్నప్పుడు చెవి ఒగ్గి వినాల్సింది ఇదే. అవి మిల్లీమీటర్లు. మూడు దాకా ఉంటే చిగుళ్ళు బాగున్నట్టు. నాలుగంటే జాగ్రత్త పడాలి. ఐదు, ఆరు వినబడి, అక్కడ రక్తం కూడా వస్తుంటే చిగురు పన్నును వదిలేస్తోందని, కింద ఎముక కరుగుతూ ఉండవచ్చని అర్థం. ఈ చార్టు కాపీ అడిగి దాచుకోండి. మరుసటి ఏడాది కొలతలతో పక్కపక్కన పెట్టి చూస్తే మీ నోరు ఎటు వెళుతోందో తెలుస్తుంది.

‘డీప్ క్లీనింగ్ కావాలి’ అన్నప్పుడు

కొత్తగా వచ్చిన మనవాళ్ళకు మొదటి విజిట్‌లోనే ఈ మాట వినబడుతుంది, బిల్లు కోసమే చెబుతున్నారని అనుమానం వస్తుంది. అనుమానం ఒక్కోసారి నిజం, ఒక్కోసారి కాదు. ఏళ్ళ తరబడి క్లీనింగ్ చేయించుకోనివాళ్ళకు చిగురు కింద గార గట్టిపడి ఉండటం మామూలే, దాన్ని పైపై క్లీనింగ్ తీయలేదు. తేల్చుకోవడం మీ చేతిలోనే ఉంది. ఎస్టిమేట్‌లో మామూలు క్లీనింగ్ కోడ్ డి1110, డీప్ క్లీనింగ్ డి4341 లేదా డి4342. నోటిని నాలుగు భాగాలుగా లెక్కిస్తారు, భాగానికో బిల్లు. ఒక భాగంలో నాలుగు లేదా అంతకుమించి పళ్ళకు అవసరమైతే డి4341, ఒకటి నుంచి మూడింటికి అయితే డి4342. ‘నాలుగు పైన కొలతలు ఎక్కడెక్కడ వచ్చాయి? ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు చూపిస్తారా?’ అని అడగండి. చూపించగలిగితే చేయించుకోండి, వాయిదా వేయకండి. చార్టంతా రెండ్లూ మూళ్ళే ఉండి నాలుగు భాగాలకూ రాస్తే మరో డెంటిస్టుకు చూపించండి. కొలతలూ ఎక్స్‌రేల కాపీలూ పంపమంటే పంపాలి, అది మీ హక్కు.

ఒకసారి డీప్ క్లీనింగ్ అయ్యాక మామూలుగా మూడు నాలుగు నెలలకోసారి రమ్మంటారు. దాని కోడ్ డి4910. ప్లాన్లు కొన్ని దీన్ని వంద శాతంలో కాక 80 శాతంలో పెడతాయి, ముందే కనుక్కోండి.

షుగరు, గుండె, కడుపుతో ఉన్నవాళ్ళు

నోటి సంగతి నోటితోనే ఆగదనడానికి గట్టి ఆధారం ఉన్నది షుగరు విషయంలో. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళు ఎప్పుడూ వాచి ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్ళకు సరైన చికిత్స చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష అంకె) సగటున 0.3 నుంచి 0.4 శాతం పాయింట్ల దాకా తగ్గుతున్నట్టు పరిశోధనల్లో తేలింది. మందులు మానేసేంత తగ్గుదల కాదు. కానీ రెండో మాత్ర కలపాలా వద్దా అని డాక్టరు ఆలోచిస్తున్న దశలో అది చిన్న విషయమూ కాదు. మన ఇళ్ళలో షుగరు ఎంత మామూలో తెలిసిందే. అందుకని షుగరున్నవాళ్ళు కంపెనీకి ఫోన్ చేసి ఒక ప్రశ్న అడగాలి: ‘డయాబెటిస్ ఉన్నవాళ్ళకు అదనపు క్లీనింగ్ ఇస్తారా?’ కొన్ని ప్లాన్లు ఇస్తాయి, గర్భిణులకూ ఇస్తాయి. అడిగి, ఫారం నింపినవాళ్ళకే అది దొరుకుతుంది.

గుండె గురించి మాత్రం వాట్సాప్‌లో తిరిగేదంతా నమ్మకండి. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో గుండెజబ్బులు ఎక్కువగా కనబడతాయన్నది నిజం. కానీ చిగుళ్ళ జబ్బే గుండెజబ్బును తెస్తుందని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. పొగతాగడం, షుగరు లాంటివి రెండింటికీ కారణాలే. నేరుగా జాగ్రత్త పడాల్సింది కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు, ఇంతకుముందు గుండె లోపొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళు, పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలు ఉన్నవాళ్ళు. వీళ్ళకు పళ్ళ పనికి ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. మోకాలి కీలు మార్పించుకున్నవాళ్ళకు సాధారణంగా అక్కర్లేదు, సర్జన్‌ను ఒక మాట అడిగితే చాలు.

కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళకూడదని పెద్దవాళ్ళు అంటారు. వెళ్ళవచ్చు. క్లీనింగ్, ఫిల్లింగ్, అవసరమైతే ఎక్స్‌రే, రూట్ కెనాల్ కూడా ఆ సమయంలో సురక్షితమేనని అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం చెబుతోంది. హార్మోన్ల వల్ల చిగుళ్ళలోంచి రక్తం కారేది అప్పుడే కాబట్టి, నిజానికి వెళ్ళాల్సిన సమయమే అది.

ఇంట్లో

మనలో చాలామంది పొద్దున బాగానే తోముకుంటాం, రాత్రి వదిలేస్తాం. పుచ్చుకు కావాల్సింది అదే. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, అన్నం మెతుకులూ స్వీటు జిగురూ పొద్దున దాకా పళ్ళమధ్యే ఉంటాయి. ఒక్కపూటే కుదిరేటట్టయితే రాత్రిపూటే తోమండి. మెత్తని బ్రష్షును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, రుద్దకుండా చిన్నగా కదిలించండి. రెండు నిమిషాలు. తర్వాత నురగ ఉమ్మేయండి, నీళ్ళతో గడగడా పుక్కిలించకండి. పుక్కిలిస్తే పళ్ళమీద ఉండాల్సిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. బ్రష్షు దూరని పళ్ళ సందుల్లో ఫ్లాస్ దారం వాడండి. మొదటి వారం రక్తం వస్తుంది, భయపడి ఆపకండి. రెండు వారాలైనా తగ్గకపోతే చూపించుకోండి.

బొగ్గుపొడి, గరుకు పళ్ళపొడి పన్ను మెడ దగ్గర ఎనామెల్‌ను అరగదీస్తాయి, చల్లటి నీళ్ళకు జివ్వుమనేది అందుకే. నువ్వులనూనె పుక్కిలించడం ఇష్టమైతే చేసుకోండి, దానివల్ల గార మాత్రం రాలదు.

అమెరికా ఊళ్ళలో కుళాయి నీళ్ళకు చాలాచోట్ల ఫ్లోరైడ్ కలుపుతారు, సిఫారసు చేసిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మనవాళ్ళు ఇల్లు కొనగానే వంటింట్లో ఆర్‌ఓ బిగిస్తారు. అది ఫ్లోరైడ్‌ను కూడా చాలావరకు తీసేస్తుంది. పిల్లలున్న ఇల్లయితే ఆ సంగతి పిల్లల డెంటిస్టుకు చెప్పండి. ఇక తీపి ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది పళ్ళకు ముఖ్యం. భోజనంతో తిన్న మైసూర్‌పాక్ కంటే మీటింగుల మధ్య రోజంతా చప్పరించే చక్కెర టీ ఎక్కువ చేటు చేస్తుంది.

పెద్ద పని తప్పనప్పుడు లెక్క ఇలా వేయండి

మీ ప్లాను హద్దు 1,500, డిడక్టబుల్ 50, రూట్ కెనాల్ 80 శాతంలో ఉంది, క్లీనింగ్ ఖర్చూ హద్దులోంచే పోతుంది అనుకుందాం. ఏడాదిలో క్లీనింగులకు 200 అయిపోయాయి. రూట్ కెనాల్ ఒప్పందం ధర 1,100, క్రౌన్ 1,200. రూట్ కెనాల్‌కు 50 తీసేసి 80 శాతం, అంటే 840 కంపెనీ ఇస్తుంది. మిగిలింది 460. క్రౌన్‌కు సగం లెక్కన 600 రావాలి, 460తోనే సరి. మొత్తం 2,300లో మీ వాటా 1,000 డాలర్లు. అదే పన్నును చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు ఎక్స్‌రేలో పట్టుకుని, 180 డాలర్ల ఫిల్లింగుతో ముగించి ఉంటే మీ వాటా 76.

డిసెంబరులో రూట్ కెనాల్, జనవరిలో క్రౌన్ అని విడదీస్తే పై లెక్కలో వంద డాలర్ల పైన మిగులుతాయి, కొత్త ఏడాది హద్దు కూడా తోడవుతుంది. కానీ అక్టోబరులో రూట్ కెనాల్ చేయించుకుని మూడు నెలలు క్రౌన్ లేకుండా ఆ పన్నుతో నమలడం తప్పు. అది చీలిందంటే పీకడమే. క్రౌన్‌కు పన్ను చెక్కిన తేదీని లెక్కలోకి తీసుకుంటారా, క్రౌన్ బిగించిన తేదీనా అన్నది కూడా కంపెనీని బట్టి మారుతుంది. పెద్ద పని ఏదైనా సరే ముందుగా ఎంత ఇస్తారో తేల్చమంటూ కంపెనీకి ‘ప్రీ-ట్రీట్‌మెంట్ ఎస్టిమేట్’ పంపమని డెంటిస్టును అడగండి, అయ్యాక పంచాయతీ పెట్టుకోవడం కంటే అది నయం.

మీ వాటాకు హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ (వైద్యఖర్చుల కోసం ట్యాక్స్ లేకుండా దాచుకునే ఖాతాలు) డబ్బు వాడుకోవచ్చు. పళ్ళు తెల్లబరచుకోవడానికి మాత్రం కుదరదు.

పిల్లలు, అమ్మానాన్నలు, ఇండియా ప్రయాణం

పిల్లలను ఏడాది నిండేలోగా ఒకసారి చూపించాలి. మూడేళ్ళ దాకా పేస్టు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత. ఆరేళ్ళప్పుడు, పన్నెండేళ్ళప్పుడు వచ్చే పెద్ద దవడ పళ్ళ గాడుల మీద సీలెంట్, అంటే పుచ్చకుండా కాపాడే పలచని పూత, వేయించండి. చాలా ప్లాన్లు దీనికి పూర్తిగా ఇస్తాయి, కాకపోతే వయసు హద్దు పెడతాయి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు ఉంటే మొదట పుచ్చేవి పై ముందు పళ్ళు.

అమ్మానాన్నలు వచ్చేటప్పుడు కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లో పళ్ళకు హఠాత్తుగా వచ్చిన నొప్పికో, దెబ్బకో కొద్ది మొత్తం తప్ప ఏమీ ఉండదు. బయలుదేరే ముందే అక్కడ చెకప్ చేయించి, ఊగుతున్న క్యాప్, సరిగ్గా కూర్చోని కట్టుడు పళ్ళ సంగతి తేల్చుకుని రమ్మనండి.

ఇండియా వెళ్ళి చేయించుకుందామనుకుంటే పని రకాన్ని బట్టి ఆలోచించండి. రూట్ కెనాల్, క్రౌన్ రెండు మూడు వారాల సెలవులో అయిపోతాయి. ఇంప్లాంట్ అలా కుదరదు. స్క్రూ ఎముకలో పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, పైన పన్ను బిగించడానికి మళ్ళీ వెళ్ళాలి. చేయించుకుంటే ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు రాయించుకుని ఎక్స్‌రేతో సహా తెచ్చుకోండి. అది వదులైతే అమెరికా డెంటిస్టుకు సరిపడే విడిభాగం దొరకాలి కదా. కొన్ని పీపీఓలు విదేశంలో చేయించుకున్నదానికీ కొంత తిరిగి ఇస్తాయి. ఇంగ్లీషులో పన్ను నంబరు, చేసిన పని, తేదీ, విడివిడిగా ధర ఉన్న బిల్లు అడుగుతారు.

చివరగా ఈఓబీ, అంటే క్లెయిమ్‌కు తాము ఎంత ఇచ్చిందీ, మీ వాటా ఎంతన్నదీ చెబుతూ ఇన్సూరెన్స్ కంపెనీ పంపే కాగితం. ‘ఇది బిల్లు కాదు’ అని పైన రాసి ఉంటుంది కాబట్టి అందరూ పడేస్తారు. డెంటిస్టు బిల్లు వచ్చేదాకా ఉంచి, ‘పేషెంట్ రెస్పాన్సిబిలిటీ’ అన్న గడిలోని అంకె, బిల్లులో అంకె ఒకటేనా చూడండి. క్లెయిమ్ తిరగ్గొట్టినట్టుంటే కింద ఉన్న కారణం చదవండి. చాలాసార్లు అక్కడ ఉండేది ఎక్స్‌రే జతచేయలేదనో, చిగుళ్ళ చార్టు రాలేదనో. డెంటిస్టు ఆఫీసుకు ఫోన్ చేసి అవి జతచేసి మళ్ళీ పంపమనండి. అప్పటికీ కాదంటే ఆ కాగితం మీద రాసి ఉన్న గడువులోగా రాతపూర్వకంగా అప్పీలు పెట్టండి.